అవతలి వైపు దారం

నేను కుట్టిన పరుపు మీద వెన్ను వాల్చి నిద్రపట్టనివాడు ఈ భూమ్మీద ఇంతవరకు పుట్టలేదు. ఇది నేననే మాట కాదు, ఊరంతా అనే మాట. ఊరికి ఆ మాట నేర్పింది నేనే అనుకోండి, అది వేరే సంగతి. ఒకసారి ఒక రైలు డ్రైవరు, బండి కదలడానికి ఇంకా పావుగంట టైముందని మా కొట్టుకొచ్చి, మెత్తగా ఉందో లేదో చూద్దామని పరుపు మీద కాస్త ఒరిగాడు. రైలు వాడికోసం చూసి చూసి, విసుగెత్తి, తనంతట తనే వెళ్ళిపోయింది. మూడోనాడు తిరుగు ప్రయాణంలో మా కొట్టు ముందు ఆగి కూత వేస్తే గాని వాడు కళ్ళు తెరవలేదు. తెరిచి, "టైమయిందా?" అన్నాడు. మీ కొట్టు ముందు పట్టాలు ఎక్కడివయ్యా అని అడక్కండి. అది రైలు చూసుకోవలసిన సంగతి.

ఈ కథ అప్పట్లో కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఆ కోత నేనే విప్పేస్తున్నాను. నా పరుపు మీద నిద్రపట్టని మనిషి ఒకరున్నారు. ఎక్కడో కాదు, మా ఇంట్లోనే, నా పక్కనే. నేను కుట్టినవాటిలోకెల్లా మంచి పరుపు మీద, ఒక ఎండాకాలం పొడుగునా.

మా పని ఎలా సాగేదో ముందు చెప్పాలి. మిగతా పరుపులవాళ్ళు పరుపుని నేలమీద పరిచి, దాని మీదెక్కి కూర్చుని కుడతారు. మేము అలా కాదు. ఏకిన దూది నింపి నాలుగు వైపులా మూసేశాక, పరుపుని రెండు కొయ్యల మధ్య తలుపులా నిలబెట్టి కట్టేవాళ్ళం. ఇటువైపు నేను, అటువైపు మా ఆవిడ. చేతిలో జానెడున్నర సూది. ఇటునుంచి నేను గుచ్చితే దూదిలోంచి అటు తేలుతుంది. ఆవిడ అందుకుని, దారం బిగలాగి, వేలెడు ఎడంలో మళ్ళీ గుచ్చి నాకు పంపుతుంది. అలా వరసన పోతే దూది ఎటూ జరక్కుండా కూర్చుంటుంది. మా ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనపడదు. సూది పోతుంది, సూది వస్తుంది. అదే మా కాపురం.

పరుపు చాటున నిలబడి నేను కథలు చెప్పేవాణ్ణి. ఆవిడ మాటల మనిషి కాదు. కథ నమ్మేలా ఉంటే అవతలినుంచి దారం ఒక్కసారి గుంజేది. 'ఊ, నిజమే, తర్వాత?' అని అర్థం. కోత మరీ ఎక్కువైతే రెండుసార్లు గుంజేది. 'అబద్ధం' అని. రైలు డ్రైవరు కథ మొదటిసారి చెప్పినప్పుడు ఎన్నిసార్లు గుంజిందంటే దారం తెగింది. పదిహేడేళ్ళు అలా గడిచాయి.

ఆ ఏడు ఎండలు ముదరకముందే దారం గుంజడం ఆగిపోయింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను గమనించలేదు. నా కథల ధ్యాసలో నేనున్నాను. ఆసుపత్రివాళ్ళు తమ పాత పరుపులన్నీ పంపించారు. విప్పి, దూది మళ్ళీ ఏకించి, ఎండబెట్టి, కొత్త గుడ్డలో కుట్టి, వానలు పడకముందే అప్పజెప్పాలి. వాన పడిందంటే దూది ఆరదు. ఆ తొందరలో ఉన్నవాణ్ణి, సూది తిరిగి రావడం ఆలస్యమవుతుంటే చూశాను గాని, ఎందుకని అడగలేదు.

"ఏమే, నిద్రపోయావా?"

"లేదు."

సూది వచ్చేది, వంకరగా. ఆవిడ కుట్టు వంకరపోవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఒకనాడు వెళ్ళిన సూది ఇక రానేలేదు. చుట్టూ తిరిగి వెళ్ళి చూశాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని సూదిని ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది, ఎవరో పారేసుకున్న వస్తువు దొరికితే ఎవరికివ్వాలో తెలియని మనిషిలాగా.

"ఏమైందే?"

"ఏం లేదు. చెయ్యి లేవట్లేదు."

"నొప్పా?"

"నొప్పి కాదు. లేవట్లేదంతే."

మర్నాటినుంచి మనిషే లేవలేదు.

ఇంట్లో మనిషి మంచం దిగకపోతే ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు. వంటవాడైతే తిండి తేడా అంటాడు, చెప్పులు కుట్టేవాడైతే కాళ్ళ వంక చూస్తాడు. నేను పరుపులవాణ్ణి. నా అనుమానం సూటిగా పరుపు మీదికే పోయింది. ఆవిణ్ణి లేపి గోడవారన కూర్చోబెట్టి, మా పరుపుని కొట్టులోకి మోసుకొచ్చి పొట్ట చీల్చాను. దూదినంతా వేళ్ళతో వెతికితే, నడుం వాలే చోట సరిగ్గా, ఒక పత్తిగింజ దొరికింది. నా ఆనందం చూడాలి మీరు.

"ఇదిగోనే, దొంగ దొరికాడు! ఇన్నాళ్ళూ నీ నడుములో గుచ్చుకుంటున్నది వీడే!"

ఆవిడ నా అరచేతిలో గింజని చూసింది. నేనంత సంబరపడుతున్నాను కాబట్టి తనూ ఏదో ఒకటి అనాలని కష్టపడింది. చివరికి "పారెయ్" అంది.

దూది ఏకించి, ఎండబెట్టి, మళ్ళీ కుట్టి పరిచాను. పడుకుంది. గోడవైపు తిరిగి, బొటనవేలి గోటితో పరుపుగుడ్డ మీది నీలం చారని గీకుతూ ఉండిపోయింది. మర్నాడూ అంతే. మెత్తదనం ఎక్కువైందేమోనని దూది తగ్గించాను. గట్టిపడిందేమోనని పెంచాను. తర్వాత బూరుగు దూది తెచ్చాను. ఎండాకాలం సగమయ్యేసరికి ఆ పరుపుని అయిదుసార్లు విప్పాను. విప్పిన ప్రతిసారీ ఆవిడ మారుమాట లేకుండా లేచి గోడవారన కూర్చునేది. నేను పరిచాక మళ్ళీ మారుమాట లేకుండా పడుకునేది. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది.

మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. అయిదోసారి విప్పుతుంటే వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నాన్నా, ఊరికే దాన్నెందుకు కోస్తావు? అమ్మకి అసలు నిద్రే పట్టట్లేదు. పడుకుంటోంది, అంతే. రెండూ ఒకటి కాదు."

"నీకెలా తెలుసే?"

"పొద్దున నేను లేచేసరికి రోజూ కళ్ళు తెరుచుకునే ఉంటోంది. నన్ను చూసి మూసుకుంటోంది."

"అందుకేనే నేనీ పాట్లు పడుతోంది! ఇది కుదిరిందనుకో, కుంభకర్ణుడు కూడా ఓడిపోవాలి."

అది నవ్వలేదు. దూది ఉండ ఒకటి తీసి, విదిలించి, నా కుప్పలో పడేసి లోపలికి పోయింది.

మా ఆవిడ అన్నయ్య బస్సు కండక్టరు. నాకు బావ. ముప్పైమంది ఎక్కే బస్సులో అరవైమందిని సర్దే గొంతు ఆయనది. ఇంట్లో నలుగురమున్నా అదే గొంతు. ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చి, గుమ్మంలోనే నన్ను పట్టుకున్నాడు.

"బావా, నీ పరుపులూ మెత్తనే, నువ్వూ మెత్తనే. అందుకే అది లేవట్లేదు. మందలించే మనిషి లేకపోతే ఎవరు లేస్తారు?" అని, లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు. "ఏంటమ్మా చెల్లాయ్ ఇది? ఏం తక్కువైంది నీకు? తాగొచ్చే మొగుడా? మాట వినని కూతురా? మీ ఆయన నోటికి తాళం లేదన్నమాటే గాని మనిషి బంగారం. లే. లేచి మొహం కడుక్కో. అదే పోతుంది."

ఆవిడ లేచింది!

నేను, బావ మొహమొహాలు చూసుకున్నాం. ఆవిడ మొహం కడుక్కుంది, తలారా నీళ్ళు పోసుకుంది, జుట్టు తుడుచుకుని వచ్చి మాతో పాటు కూర్చుని నాలుగు ముద్దలు తింది. బస్సులో టిక్కెట్టు తీసుకోకుండా మేకని ఎక్కించినవాడి సంగతి బావ చెబితే నవ్వింది కూడా. వెళ్ళేటప్పుడు బావ నా భుజం మీద చరిచి, "చూశావా? ఒక్క గద్దింపు!" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. గట్టివాడు బావ అనుకున్నాను.

ఆయన్ని వీధి చివరిదాకా సాగనంపి, దార్లో ఇద్దరికి కథ చెప్పి, తీరిగ్గా వచ్చేసరికి ఆవిడ కూర్చున్న చోటే ఉంది. జుట్టు అలాగే తడిగా ఉంది, వీపంతా నీళ్ళు కారి గుడ్డ అంటుకుపోయింది.

"అన్నయ్య వెళ్ళాడా?" అంది.

"వెళ్ళాడు."

"అయితే ఇక పడుకోనా?"

బడిలో పిల్లలు పంతుల్ని అడిగినట్టు అడిగింది. నా ఇంట్లో, నా భార్య. "పడుకో" అన్నాను. ఆ పూట ఎవరికీ కథ చెప్పలేదు.

ఆ తర్వాతి గురువారం జరిగిన దాన్ని చెప్పకుండా దాటేద్దామని చాలా ఏళ్ళు చూశాను. కుదరదు.

మిట్టమధ్యాహ్నం. ఆరోసారి కుట్టిన పరుపుని అప్పుడే పరిచి, ఆవిణ్ణి పడుకోబెట్టి, దుప్పటి అంచు సర్దుతున్నాను. ఆవిడ గోడవైపే చూస్తూ, "ఏమయ్యా" అంది. ఎన్నాళ్ళకో పిలిచింది. నా ప్రాణం లేచొచ్చింది.

"చెప్పవే."

"రేపు పొద్దున కళ్ళు తెరుచుకోకపోతే బాగుండనిపిస్తోంది. అసలు లేవకుండా ఉంటే."

నేను రెండు చేతులూ చరిచాను. "చూశావా! ఆరోసారికి కుదిరింది! పరుపంటే ఇదీ! లేవబుద్ధి కాకూడదు!" అని పగలబడి నవ్వాను. అక్కడితో ఆగానా? వీధిలోకి వెళ్ళి, ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే ఆయనకి కూడా చెప్పాను, మా ఆవిడ ఇవాళ నా పరుపుని మెచ్చుకుందని. ఆయనా నవ్వాడు.

తిరిగొచ్చి చూస్తే ఆవిడ బొటనవేలు చారని గీకడం మానేసింది. కదలకుండా ఉంది. అది నేను చూశాను. చూసి, నిద్రపట్టింది కాబోలనుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాను.

ఆసుపత్రి పని మాత్రం ఆగలేదు. అటువైపు మనిషి లేకపోతే ఆ కుట్టు ఎలా సాగుతుందో చెబుతాను. ఇటునుంచి గుచ్చాలి, చుట్టూ తిరిగి అటు వెళ్ళాలి, లాగి మళ్ళీ గుచ్చాలి, చుట్టూ తిరిగి ఇటు రావాలి. గానుగెద్దులా తిరిగాను. కుట్టినవి కుట్టినట్టు తోపుడుబండి మీద వేసుకెళ్ళి ఆసుపత్రిలో నేనే పరిచి వచ్చేవాణ్ణి.

సోమవారం ఆడవాళ్ళ వార్డు ఒకదానికి వెళ్ళాను. రెండు పరుపులు వేసి మూడోది ఎత్తుతుంటే, మూల మంచం మీదావిడ కనపడింది. గోడవైపు తిరిగి ఉంది. బొటనవేలి గోరు పరుపు చార మీద, పైకి కిందికి, పైకి కిందికి. నా చేతుల్లోంచి పరుపు జారింది. పోయి నర్సుని పిలిచాను. పెద్దావిడ, మడమలు పగిలిపోయిన కాళ్ళతో రోజంతా నడిచే మనిషి.

"సిస్టరమ్మా, ఆ మూలావిడ పరుపు నాకిచ్చెయ్యండి. విప్పి మళ్ళీ కుడతాను."

"మొన్ననేగా వేసి వెళ్ళావు?"

"ఎక్కడో ఉండ కట్టిందమ్మా. చూడండి, పాపం, ఎలా గీకుతోందో. మా ఇంట్లోనూ ఇదే వరస. ఆరుసార్లు విప్పాను, దొరికితే కదా."

"ఆరుసార్లా?"

"ఆరు. మీ మీద ఒట్టు. ఇది మాత్రం కోత కాదు."

"ఇంట్లో ఎవరికి?" అని అడిగింది. చెప్పాను. చేతిలో ఉన్న ట్రే కిటికీలో పెట్టేసి, "నాతో రా" అంది. పరుపు ఎక్కడ పడిందో అక్కడే ఉంది. దాన్ని దాటుకునే వెళ్ళాం.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. బల్ల మీద టీ మీగడ కట్టి ఉంది. ఎప్పట్నుంచి, ఎంత తింటోంది, ఎంత నిద్ర, స్నానం చేస్తోందా, అమ్మాయితో మాట్లాడుతోందా, ఒక్కొక్కటే అడిగి రాసుకుంటోంది. నా మాటలు రాసుకునే మనిషి దొరికితే నేను ఆగుతానా? గింజ సంగతి చెప్పాను, బూరుగు దూది సంగతి చెప్పాను, బావ గద్దింపు చెప్పాను.

"ఈ మధ్య ఆవిడ తనంతట తను ఏమైనా అన్నారా?"

"అనకేం!" అని గురువారం నాటి ముచ్చట అందుకున్నాను. లేవకుండా ఉంటే బాగుండనిపిస్తోందని ఆవిడ అనడం, నేను చేతులు చరచడం, సైకిళ్ళాయన నవ్వడం. చెప్పి, ఈవిడ కూడా నవ్వుతుందని ఎదురుచూశాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

నేను చిన్నప్పట్నుంచి కథలు చెబుతున్నాను. వినేవాళ్ళు నవ్వారు, ఆవలించారు, మధ్యలో లేచిపోయారు. నా మాట విని చేతిలో పని కింద పెట్టిన మనిషిని అప్పుడే చూడడం.

"ఇప్పుడు ఇంట్లో ఆవిడ దగ్గర ఎవరున్నారు?"

"అమ్మాయి ట్యూషనుకెళ్ళిందమ్మా."

"అంటే ఎవరూ లేరు."

"లేరు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది గాని, నేను ఎక్కడినుంచో విన్నట్టనిపించింది.

"మీరు వెంటనే ఇంటికి వెళ్ళండి. ఇవాళే తీసుకురండి. నేను ఇక్కడే ఉంటాను. ఇది జబ్బు. డిప్రెషన్ అంటారు. బద్ధకం కాదు, పొగరు కాదు, మీ పరుపు అంతకన్నా కాదు."

"నేనేం చేస్తే వచ్చిందమ్మా?"

"మీరు చేస్తే వచ్చింది కాదు."

ఆ మాటకి నాకు ఊరట కలగాలి. కలగలేదు. తప్పు నాదైతే విప్పి చూసేవాణ్ణి కదా.

"వెళ్ళగానే ఆవిణ్ణి ఒక మాట అడగండి," అంది డాక్టరమ్మ. "చచ్చిపోవాలనిపిస్తోందా అని. డొంకతిరుగుడు లేకుండా."

"అమ్మో! అడిగితే లేనిది గుర్తు చేసినట్టవదా?"

"అవదు. ఆవిడ దగ్గర అది ఎప్పట్నుంచో ఉంది. ఒక్కరే మోస్తున్నారు. మీరు అడిగితే ఇద్దరవుతారు."

తోపుడుబండి అక్కడే వదిలేశాను. ఆసుపత్రికీ మా ఇంటికీ ఎంత దూరమని వేరే రోజు అడిగితే పెంచో తుంచో చెబుతాను. ఆ రోజు మాత్రం దానికి అంతు లేదు. తలుపు నేను వేసినట్టే ఉంది. తోశాను.

ఉంది. గోడవైపు తిరిగి, కళ్ళు తెరుచుకుని ఉంది. ఊపిరి తీస్తోంది. నేను గుమ్మం పట్టుకుని కాసేపు అదే చూశాను.

దగ్గరికెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. అడగాలని నోరు తెరిచాను. రైలుని పట్టాలు లేకుండా నడిపించిన నోరు అది, నాలుగు మాటలు రాలేదు. మళ్ళీ తెరిచాను. ఆవిడ మొహం చూస్తూ ఆ మాట అడగడం నావల్ల కాలేదు.

కొట్టులో ఆసుపత్రి పరుపు ఒకటి సగం కుట్టి కొయ్యల మధ్య నిలబెట్టి ఉంది. "ఒక్క నిమిషం రావే. కుట్టొద్దు. ఊరికే కూర్చో" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆ రోజుల్లో ఏం చెప్పినా చేసేది. అదే నాకు భయంగా ఉండేది. నేను ఇటువైపు వచ్చి నా చోట నిలబడి సూది గుచ్చాను. కాసేపటికి దారం మెల్లగా బిగిసింది. పట్టుకుంది.

"ఏమే."

ఇటు కొస దారం వేలికి చుట్టుకున్నాను.

"మొన్న నువ్వు ఒక మాట అన్నావు. నేను నవ్వాను. ఊరంతా చెప్పాను. నన్ను చెప్పుతో కొట్టినా తప్పు లేదు. ఇప్పుడు నవ్వను. అడుగుతున్నాను, చెప్పు. చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?"

ఎదురుగా సైకిళ్ళాయన ఏదో చక్రానికి గాలి కొడుతున్నాడు. పంపు చప్పుడు వస్తోంది, పోతోంది. చక్రం నిండినట్టుంది, అదీ ఆగింది.

దారం గుంజింది. ఒక్కసారి.

నేను రెండోదానికోసం ఆగాను. పదిహేడేళ్ళుగా నన్ను అబద్ధాలకోరుని చేసిన ఆ రెండో గుంజు కోసం, నా జన్మలో దేనికీ చూడనంతగా ఎదురుచూశాను. దారం చుట్టుకున్న వేలు తెల్లబడిపోయింది.

రాలేదు.

చెంప పరుపుకి ఆనించాను. కొత్త దూది వాసన. అటువైపు ఆవిడ ఊపిరి వినపడుతోంది.

"ఆసుపత్రికి వెళదామా?"

ఈసారి మాటే వచ్చింది, దూదిలోంచి, సన్నగా. "వెళ్తే ఏం చేస్తారు?"

"తెలీదే. పరుపు మాత్రం విప్పరట."

అవతలినుంచి ముక్కులోంచి గాలి వదిలిన చప్పుడొకటి వచ్చింది. నవ్వని నేననను. నవ్వు కాదని కూడా అనలేను. వెళ్ళాం.

బిళ్ళలిచ్చారు. వారానికొకసారి తీసుకొస్తే కూర్చోబెట్టి మాట్లాడతామన్నారు. ఒంటరిగా వదలొద్దన్నారు. బిళ్ళలు మింగిన మర్నాడే లేచి తిరుగుతుందని నేను ఎదురుచూశాను. నోరెండిపోయింది, చేతులు వణికాయి, లేవలేదు. పోట్లాడదామని డాక్టరమ్మ దగ్గరికి వెళితే, "మూడు నాలుగు వారాలు పడుతుంది. కొత్త పరుపులో దూది సర్దుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందంటారు మీరు?" అని అడిగింది. నా నోరు మూయించడం తెలిసిన మనిషి.

బావ వచ్చి అరిచాడు. "మందులా? మా చెల్లాయిని పిచ్చిదాన్ని చేస్తావా?" నేను ఆయన్ని కొట్టులోకి తీసుకెళ్ళి, దారం సంగతి చెప్పాను. ఒక్కసారే గుంజిందని చెప్పాను. ఆయన టిక్కెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని దూదికుప్ప మీద కూలబడ్డాడు. "లేచి మొహం కడుక్కోమన్నాను బావా దాన్ని" అన్నాడు. "కడుక్కుంది కూడా." ఆ గొంతులో అంత చిన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఆ మర్నాటినుంచి డ్యూటీ లేని పూటల్లో వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. నోరు మూసుకుని కూర్చోవడం కండక్టరుకెంత కష్టమో చూశాను. నాకెంత కష్టమో ఆయన చూశాడు. అమ్మాయి మా ఇద్దర్నీ చూసి, వాళ్ళమ్మ జుట్టు దువ్వుతూ, "ఇద్దరూ బాగానే నేర్చుకుంటున్నారమ్మా" అంది.

ఒకరోజు నేను అన్నం కలిపి పెడుతుంటే ఆవిడే అంది. "నీకెలా చెప్పాలో తెలీదయ్యా. లోపల తడిసిన దూదిలా ఉంది. ఏకడానికి రాదు. ఆరబెడదామంటే చెయ్యి పెట్టే దారి లేదు. బరువు మాత్రం ఉంటుంది."

దానికి పోటీగా చెప్పడానికి నా దగ్గర కథ లేదు. ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి తనే నోరు తెరిచింది.

పని చేసేటప్పుడు స్టూలు మీద కూర్చోబెట్టుకునేవాణ్ణి, కళ్ళెదుట ఉంటుందని. ఆవిడ అటువైపు కూర్చునేది. నేను గుచ్చి, చుట్టూ తిరిగి వెళ్ళి, ఆవిడ పక్కన నిలబడి లాగి, మళ్ళీ గుచ్చి, తిరిగి వచ్చేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ మొహం చూడడానికి వీలయ్యేది. పదిహేడేళ్ళు ఒక్కచోట నిలబడి కుట్టినప్పుడు లేని వీలు అది.

ఆసుపత్రికివ్వాల్సిన చివరి పరుపు నాటికి ఆకాశం మూసుకొచ్చింది. కొట్టులో చీకటి పడినట్టయింది. తొందరగా కుడుతున్నాను. సూది గుచ్చి, ఎప్పటిలా చుట్టూ తిరగబోతున్నాను. ఒక అడుగు వేశాను. గుడ్డ మీద చార పక్కన చిన్నగా ఉబ్బింది. ఉబ్బి, దాన్ని చీల్చుకుని సూది మొన తేలింది. సరిగ్గా వేలెడు ఎడంలో, తిన్నగా. బయట మొదటి చినుకులు రేకు మీద పడ్డాయి. నేను సూది అందుకుని లాగాను.

ఆ ఎండాకాలం అలా అయిపోయింది.

జబ్బు మళ్ళీ రాలేదా అంటే, వచ్చింది. తర్వాతి ఏళ్ళలో రెండుసార్లు. మొదటిసారి దాన్ని గుర్తుపట్టడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది. రెండోసారి వారం. మూడోసారి ఆవిడే, "ఏమయ్యా, తడి పడుతోంది, పద" అని చెప్పులేసుకుంది. డెబ్బై దాటాక, మనవరాలితో మాట్లాడుతూ మాట్లాడుతూ గుండె ఆగి పోయింది. రెండేళ్ళయింది. పరుపులు ఇప్పుడు మిషన్లు కుడుతున్నాయి. మా కొయ్యలు రెండూ కొట్టులో అలాగే ఉన్నాయి, మధ్యలో ఏమీ లేకుండా.

అవతలి వైపు ఎవరూ లేరు కాబట్టి నా అబద్ధం నేనే చెప్పుకోవాలి. పైన రాసిందంతా జరిగిందే, ఒక్కటి తప్ప. చివరి పరుపుకి సూది తిరిగొచ్చిందన్నాను చూడండి, అది రాలేదు.

చుట్టూ తిరిగి వెళ్ళి చూస్తే, ఆవిడ స్టూలు మీద కూర్చున్నది కూర్చున్నట్టే పరుపుకి చెంప ఆనించి నిద్రపోయింది. పడుకోవడం కాదు, నిద్ర. నోరు కాస్త తెరుచుకుని, సన్నగా గురక. నా సూది మొన ఆవిడ చెవికి జానెడు దూరంలో పొడుచుకొచ్చి ఉంది. చప్పుడు కాకుండా దాన్ని నేనే లాగాను. వాన వచ్చింది, దూది తడిసింది, లేపలేదు. సూది మళ్ళీ ఎప్పట్నుంచి తిరిగి రావడం మొదలుపెట్టిందంటే నాకు గుర్తు లేదు. ఆ రోజంటూ ఒకటి లేదు. కథకి ఒక రోజు కావాలి కదా అని పెట్టాను.

రైలు డ్రైవరు సంగతి మాత్రం అక్షరాలా నిజం. కాదంటే, ఏదీ, దారం గుంజమనండి.